పదమూడో స్కాలర్‌షిప్

కాలేజీ బాస్కెట్‌బాల్ వీడియో గేమ్‌లో కోచ్‌గా ఆట మొదలుపెట్టిన మొదటి రాత్రి దేశంలోకెల్లా నంబర్ వన్ కుర్రాడికి ఫోన్ చేశాను. ఆరడుగుల పది అంగుళాల సెంటర్, అంటే బుట్ట దగ్గర నిలబడే పొడుగు ఆటగాడు. పేరు పక్కన ఐదు నక్షత్రాలు, అంతకు మించి రేటింగ్ లేదు. అతనికి ఇష్టమైన కాలేజీల్లో మా కాలేజీ పేరు ఎక్కడా లేదు. అయినా వారం వారం నాకున్న సమయమంతా అతని మీదే పెట్టాను. నవంబర్‌లో అతను వేరే కాలేజీకి ఆడతానని సంతకం చేశాడు. నేను వెంటపడ్డ మిగతా ముగ్గురూ అంతే. ముందస్తు సంతకాల గడువు ముగిసేసరికి నా చేతిలో నాలుగు స్కాలర్‌షిప్పులు, అంటే జట్టులో నాలుగు చోట్లు, ఖాళీగా మిగిలాయి, ఒక్క కుర్రాడూ రాలేదు.

ఇది 2008 థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో సంగతి. ఆ ఆగస్టులోనే ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ వచ్చాను. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగువాళ్ళం, ఎవరికీ కారు లేదు. నాకంటే ఏడాది ముందు వచ్చిన భీమవరం అన్న ఒకరు మాతో ఉండేవారు. ఆయన పాత ఎక్స్‌బాక్స్ 360 ఒకటి కొన్నారు. దాంతో పాటు వచ్చిన డిస్కుల్లో కాలేజ్ హూప్స్ 2కే8 ఉంది. అట్ట మీద గ్రెగ్ ఓడెన్ బొమ్మ. ఒహాయో స్టేట్ కాలేజీకి ఒక్క ఏడాది ఆడి, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2007లో మొట్టమొదటి పేరుగా వెళ్ళిపోయిన కుర్రాడు.

నాకు బాస్కెట్‌బాల్ కొత్త కాదు. మా ఊరి హైస్కూల్లో కోర్టు ఉండేది, రింగులకు వలలు ఉండేవి కావు. పదో తరగతి వరకు రోజూ సాయంత్రం ఆడేవాణ్ణి. ఇంటర్‌లో హాస్టల్‌కు వెళ్ళాక బంతి ముట్టుకోలేదు. ఆర్లింగ్టన్‌లో మొదటి సెమిస్టర్‌లో మళ్ళీ ఆ చప్పుడు విన్నాను. అప్పట్లో మా యూనివర్సిటీ జట్టు టెక్సాస్ హాల్‌లో ఆడేది. అది నిజానికి నాటకాల థియేటర్. కోర్టును వేదిక మీద పరిచేవారు. మనం కింద మెత్తటి కుర్చీల్లో కూర్చుని, సురభి నాటకం చూసినట్టు తల ఎత్తి ఆట చూడాలి. ఆ ఏడాది మార్చిలోనే మా జట్టు చరిత్రలో మొదటిసారి కాలేజీల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు వెళ్ళి, మెంఫిస్ చేతిలో 87-63తో ఓడి వచ్చింది. ఓడిన ఆట గురించి అందరూ అంత గర్వంగా మాట్లాడుకోవడం నేను అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. అలా ఆ జట్టు నాది అయిపోయింది.

వీడియో గేమ్‌లో డివిజన్ వన్, అంటే పై స్థాయి, కాలేజీలన్నీ, మూడు వందలకు పైగా, ఉన్నాయి. మాదీ ఉంది. లెగసీ అనే పద్ధతిలో మనం కోచ్. మ్యాచ్‌లు మనమే ఆడొచ్చు, కంప్యూటర్‌కే వదిలేయొచ్చు. నేను చాలావరకు వదిలేసేవాణ్ణి. నాకు కావలసింది మిగతా సగం: ఏ ఊళ్ళో ఏ కుర్రాడున్నాడో వెతకడం, అతని ఇంటికి వెళ్ళడం, ఒప్పించడం, సంతకం కోసం ఎదురుచూడడం.

అది నన్ను అంతగా పట్టేయడానికి కారణం ఉంది. 2004లో ఎంసెట్ కౌన్సెలింగ్ హాల్లో నాన్న పక్కన కూర్చుని, మా నంబర్ వచ్చేలోపు తెర మీద సీట్లు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే చూసినవాణ్ణి. అక్కడ పిల్లలు కాలేజీ కోసం వరుసలో నిలబడతారు. ఇక్కడ కాలేజీయే కుర్రాడి ఇంటి గుమ్మం దగ్గర నిలబడుతుంది. వాళ్ళమ్మతో మాట్లాడుతుంది, మీ అబ్బాయిని మాకు ఇవ్వండి అని అడుగుతుంది. ఆ వైపు నుంచి చూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసుకోవాలనిపించింది.

నవంబర్‌లో ఖాళీ చేతులతో కూర్చున్న నన్ను చూసి అన్న అన్నారు: "ముందు నీ దగ్గరికి ఎవరొస్తారో చూసుకో రా. రానివాళ్ళ గుమ్మం ముందు నిలబడితే వచ్చేవాళ్ళు కూడా పోతారు."

ఆ మాటతో జాబితాను మొదటిసారి కింది నుంచి చదివాను.

టెక్సాస్ కుర్రాళ్ళను మాత్రమే విడిగా తీశాను. ఇల్లు దగ్గరగా ఉంటే చిన్న కాలేజీ వైపు కూడా కుర్రాడు చూస్తాడు. డాలస్, ఫోర్ట్‌వర్త్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో. రెండు నక్షత్రాలు, ఒక నక్షత్రం ఉన్నవాళ్ళు. అన్నీ కలిపి ఇచ్చే మొత్తం రేటింగ్ చూడడం మానేశాను. రేటింగ్ 60 ఉన్న ఇద్దరిలో ఒకడు అన్ని పనులూ అంతంతమాత్రంగా చేస్తాడు. రెండోవాడికి బంతి అందుకోవడం రాదు, డిఫెన్స్ రాదు, దూరం నుంచి షాట్ మాత్రం సూటిగా వెళ్ళి పడుతుంది. మాలాంటి కాలేజీకి రెండోవాడు కావాలి. అన్నీ వచ్చినవాణ్ణి పెద్ద కాలేజీలు ఎలాగూ వదలవు. ఒకటే వచ్చినవాణ్ణి మనం తెచ్చుకుని, ఆ ఒక్కటి పనికొచ్చేలా జట్టును అల్లుకోవాలి.

పొడుగు మాత్రం దొరకదు. ఆరడుగుల పది అంగుళాలున్న కుర్రాడికి నడక సరిగా రాకపోయినా ఎవరో ఒక పెద్ద కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చేస్తుంది. మా కాలేజీ ఆడే సౌత్‌ల్యాండ్ కాన్ఫరెన్స్ అనే కాలేజీల గుంపులో ఆరడుగుల ఏడంగుళాల వాడే సెంటర్‌గా నిలబడేవాడు. ఈ లోటుకు నాకు దొరికిన దారి జూనియర్ కాలేజీలు. రెండేళ్ళు అక్కడ ఆడి, మిగిలిన రెండేళ్ళకు పెద్ద కాలేజీ వెతుక్కునే కుర్రాళ్ళు. నిజంగానే టెక్సాస్ జూనియర్ కాలేజీలకు ఈ విషయంలో పెద్ద పేరుంది. లారీ జాన్సన్ ఒడెస్సా కాలేజీలో ఆడాకే లాస్ వెగాస్ యూనివర్సిటీకి వెళ్ళి 1990లో జాతీయ టైటిల్ గెలిచాడు. అయిదున్నర అడుగులు కాస్త దాటిన స్పడ్ వెబ్, డాలస్ కుర్రాడు, మిడ్‌లాండ్ కాలేజీ నుంచి పైకి వచ్చి 1986లో ఎన్‌బీఏ డంక్ పోటీ గెలిచాడు. ఇవన్నీ నేను ఆట ఆడుతూ, పక్కన ల్యాప్‌టాప్‌లో వెతుక్కుని తెలుసుకున్నవే. అసైన్‌మెంట్ల కంటే శ్రద్ధగా చదివాను.

ఆ పద్ధతిలో రెండో సీజన్‌కు కుర్రాళ్ళు వచ్చారు. నేను కోరుకున్న దానికంటే ఎక్కువమంది వచ్చారు, చిక్కు అక్కడే మొదలైంది. ఒక జట్టుకు పదమూడు స్కాలర్‌షిప్పులు. ఒక్కో కుర్రాడు నాలుగేళ్ళుంటాడు. ఏటా ముగ్గురు, ఒక ఏడాది నలుగురు వస్తే లెక్క సరిపోతుంది. ఎప్పుడూ పాతవాళ్ళు ఆడుతుంటారు, కొత్తవాళ్ళు నేర్చుకుంటుంటారు. నేను ఆ ఏడాది ఖాళీలన్నీ నింపేసి ఒకేసారి ఆరుగుర్ని తీసుకున్నాను. మొదటి రెండేళ్ళు ఓడారు, మూడో ఏట సగం గెలిచారు, నాలుగో ఏట కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళారు. తర్వాత ఆరుగురూ కలిసి వెళ్ళిపోయారు. ఐదో ఏడాది వేదిక మీద పద్దెనిమిదేళ్ళ పిల్లలు తప్ప ఎవరూ లేరు. ఆ సీజన్‌లో ఏడు ఆటలే గెలిచాం. పొలంలో అన్ని మడులకూ ఒకే రోజు నారు పోసినవాడికి కోతలప్పుడు ఏమవుతుందో, అదే నాకూ అయింది.

అప్పటి నుంచి నోట్‌బుక్‌లో గళ్ళు గీసి, నాలుగేళ్ళ ముందు దాకా ఎవరు ఎప్పుడు వెళ్తారో రాసుకునేవాణ్ణి. ఆ గళ్ళలో పదమూడోదాన్ని నవంబర్‌లో నింపకూడదని నియమం పెట్టుకున్నాను. ఏప్రిల్ దాకా ఖాళీగా ఉంచాలి. ఎందుకంటే నవంబర్‌లో సంతకాలు చేసేవాళ్ళు అందరి కళ్ళలో పడ్డవాళ్ళు. ఏప్రిల్‌లో మిగిలేవాళ్ళలో సగంమంది నిజంగా ఆడలేనివాళ్ళు. మిగతా సగం ఎవరూ సరిగా చూడనివాళ్ళు. వేసవి టోర్నమెంట్లలో నేను ఓపికగా చూసి గుర్తుపెట్టుకున్న కుర్రాళ్ళ పేర్లు ఏప్రిల్ జాబితాలో కనిపిస్తే గుండె ఝల్లుమనేది.

బక్కోడు అలా దొరికాడు. ఆట పుట్టించిన పేరు వేరే ఏదో ఉంది, మా గదిలో అందరం బక్కోడనే పిలిచేవాళ్ళం. ఆరడుగుల మూడంగుళాల గార్డ్, అంటే బుట్టకు దూరంగా ఆడేవాడు, టెక్సాస్‌లోని బోమాంట్ ఊరు, ఒక నక్షత్రం. బలం అన్నచోట నేను చూసిన అంకెల్లో అదే అన్నిటికంటే తక్కువ. షూటింగ్ మాత్రం మా జట్టులో ఎవరికీ లేనంత. ఏప్రిల్ వచ్చినా ఒక్క కాలేజీ కూడా అతనికి స్కాలర్‌షిప్ ఇస్తాననలేదు. ఇచ్చాను. రెండో వారంలోనే సంతకం పెట్టాడు. మొదటి ఏడాది రెడ్‌షర్ట్ వేశాను, అంటే జట్టుతోనే ఉంటాడు, మ్యాచ్‌లు ఆడడు, ఆడే నాలుగేళ్ళూ భద్రంగా ఉంటాయి. రెండో ఏడాది బెంచీ నుంచి పది నిమిషాలు. మూడో ఏడాదికి జట్టు మొత్తం అతని చుట్టూ తిరిగింది. ఐదో ఏడాది మార్చిలో కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచి, పద్నాలుగో సీడ్‌గా, అంటే పద్నాలుగో ర్యాంకుతో, ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు వెళ్ళాం. మొదటి ఆటలో మూడో సీడ్‌ను ఓడించాం. ఆ మ్యాచ్ మాత్రం కంప్యూటర్‌కు వదలలేదు, నేనే ఆడాను. చివరి నిమిషంలో బక్కోడు దూరం నుంచి వేసిన రెండు మూడు పాయింట్ల షాట్లకు, అంటే త్రీలకు, మా నలుగురి అరుపులకు పైఅంతస్తువాళ్ళు నేల మీద కొట్టారు. తర్వాతి ఆట ఓడాం. ఆ రాత్రి నేను వెంటనే తర్వాతి సీజన్‌కు వెళ్ళలేకపోయాను. అతని పేరు ఇంకా జట్టులో ఉన్న ఆ తెరనే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

2009 వేసవిలో కొత్తగా ఓపెన్ లెగసీ మొదలుపెట్టాను. అందులో ఏ కాలేజీనైనా ఎంచుకోవచ్చు. కాన్సాస్ యూనివర్సిటీ తీసుకున్నాను. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ స్వయంగా మొదటి కోచ్‌గా పనిచేసిన చోటు. అక్కడ గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్న కోచ్ ఇప్పటికీ ఆయనొక్కడే. 55 గెలుపులు, 60 ఓటములు. ఈ విషయం నాకు చాలా ఇష్టం.

కాన్సాస్‌లో మొదటి వారమే ఐదు నక్షత్రాల కుర్రాళ్ళ జాబితాలో మా పేరు పైన కనిపించింది. ఎవరికి ఫోన్ చేసినా ఆసక్తి పెరుగుతోంది. మూడు వారాల్లో పని అయిపోయింది. నిజం చెప్పాలంటే మొదట్లో ఏమీ తోచలేదు. వెతకడం లేదు, ఎదురుచూడడం లేదు. అసలు కష్టం వసంతంలో తెలిసింది. ఎన్‌బీఏ ఆటగాళ్ళతో 2005లో చేసుకున్న ఒప్పందం తర్వాత హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకు వెళ్ళడానికి లేదు, డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో పంతొమ్మిదేళ్ళు నిండాలి, హైస్కూల్ అయి ఏడాది గడవాలి. అందుకే అందరికంటే గొప్ప కుర్రాళ్ళు ఒక్క ఏడాది కాలేజీలో ఆడి వెళ్ళిపోతారు. ఆటలోనూ అంతే. ఎవరు ఉంటారో, ఎవరు వెళ్తారో సీజన్ అయ్యేదాకా తెలియదు. వాళ్ళ బదులు ఎవరిని తెచ్చుకోవాలో మాత్రం నవంబర్‌లోనే తేల్చుకోవాలి. వెళ్తాడనుకుని ఒకడికి మాట ఇస్తే పాతవాడు ఉండిపోతాడు. ఉంటాడనుకుని ఊరుకుంటే ఇద్దరు వెళ్ళిపోతారు. నిజమైన కాన్సాస్‌కు 2008లో ఇదే జరిగింది. ఏప్రిల్‌లో ఓవర్‌టైమ్‌లో మెంఫిస్‌ను ఓడించి టైటిల్ గెలిచిన జట్టులో ఐదుగురు ఆ జూన్‌లోనే డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. జట్టు సగం ఖాళీ.

రెండు సీజన్లు ఇలా తగిలాక ఆర్లింగ్టన్ నోట్‌బుక్ మళ్ళీ తీశాను. కాన్సాస్‌లో కూడా ఏటా ఒకరిద్దరు మూడు నక్షత్రాల కుర్రాళ్ళను, నాలుగేళ్ళూ ఉండేవాళ్ళను, తీసుకోవడం మొదలుపెట్టాను. అంతమంది మహామహుల మధ్య వాళ్ళకు మొదట ఆడే నిమిషాలు దొరకవు. కానీ మార్చిలో, ఆట చేజారుతున్నప్పుడు, నిలబడింది వాళ్ళే. మేం టైటిల్ గెలిచిన ఏడాది పాయింట్ గార్డ్ నాలుగో సంవత్సరం కుర్రాడు, హైస్కూల్లో అతనికి మూడు నక్షత్రాలే.

గొంజాగాను ఎక్కువ కాలం నడపలేదు. కానీ రిక్రూటింగ్‌లో, అంటే కుర్రాళ్ళను వెతికి తెచ్చుకోవడంలో, దూరం అంటే ఏమిటో అది నేర్పింది. వాషింగ్టన్ రాష్ట్రంలో తూర్పు అంచున స్పొకేన్ అనే ఊళ్ళో చిన్న కాలేజీ. చుట్టుపక్కల కుర్రాళ్ళు బహు తక్కువ. సియాటెల్ నాలుగైదు గంటల డ్రైవ్. నేను టెక్సాస్ అలవాటుతో సొంత రాష్ట్రం జాబితా తీస్తే, నాకు పనికొచ్చేవాళ్ళు నలుగురు కూడా లేరు. ఊళ్ళోనే పుట్టి, ఊళ్ళోనే చదివి, ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువగా 15,806 అసిస్టులు, అంటే తోటివాడి బుట్టకు దారితీసే పాసులు, అందించిన జాన్ స్టాక్టన్ లాంటివాడు తరానికొకడు. మిగతావాళ్ళను దూరం నుంచి తెచ్చుకోవాలి. అసలు గొంజాగా ఫ్రాన్స్ నుంచి రోనీ టూరియాఫ్‌ను తెచ్చింది, తర్వాతి ఏళ్ళలో జపాన్ కుర్రాడు రుయ్ హచిమురాను తెచ్చింది. 1999లో పేరు తెచ్చుకున్నాక, ఆ ఏడాదే కోచ్ అయిన మార్క్ ఫ్యూ చిన్న కాలేజీలోనే ఉండిపోయి దాన్ని పెద్దది చేశాడు.

నా లెక్క అక్కడ వేరే అయింది. దూరంగా ఉన్న ఒక కుర్రాడి మీద ఎక్కువ సమయం పెట్టాలి కాబట్టి ఏటా తక్కువమంది వెంట పడేవాణ్ణి. ఆర్లింగ్టన్‌లో ఇరవై పేర్లు ఉంటే ఇక్కడ ఏడు. ఎక్కువగా కాలిఫోర్నియా, పోర్ట్‌లాండ్ పిల్లలు. ఒకణ్ణి క్యాంపస్‌కు పిలిపించుకుంటే మిగతావాళ్ళకు ఆ వారం ఫోన్ ఉండదు. అందుకే పిలిచే ముందు చాలా ఆలోచించేవాణ్ణి. ఆ ఏడుగురిలో ఎవరైనా జారిపోతే, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అవతల క్లాసు ఉందన్నా, మరో వారం చూసి పడుకుంటాననేవాణ్ణి.

2010లో డిగ్రీ చేతికి వచ్చింది, అన్న హైదరాబాద్ వెళ్ళిపోతూ ఎక్స్‌బాక్స్ నాకు ఇచ్చేశారు. ఆ ఆట తర్వాత దాన్ని తీసిన 2కే కంపెనీ ఆ సిరీస్‌లో ఇంకొకటి తీయలేదు. పోటీ కంపెనీ ఈఏ కూడా 2009 నవంబర్‌లో వచ్చిన ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ 10తో ఆపేసింది. ఆ ఆటల్లో ఒక అన్యాయం మాత్రం నాకు ముందే కనిపించింది. ఆ ఆటల్లో నిజమైన ఆటగాళ్ళకు పేర్లుండవు, చొక్కా నంబర్ మాత్రమే. ఎత్తు, చేయి, ఆట తీరు మాత్రం అచ్చం వాళ్ళవే. 1995లో యూసీఎల్‌ఏ కాలేజీకి టైటిల్ గెలిపించిన ఎడ్ ఓబానన్ ఒకరోజు ఒక స్నేహితుడి ఇంట్లో తననే ఆటలో చూసుకున్నాడు. ఎడమచేతి వాటం, 31 నంబర్. 2009లో ఎన్‌సీఏఏ మీద కేసు వేశాడు, 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ అతని పక్షాన తీర్పు ఇచ్చారు. ఆట ఆగిపోయినందుకు నాకు బాధ ఉంది. అయినా ఆయన చేసింది న్యాయం. నేను బక్కోడికి పేరు పెట్టుకుని అంత ప్రేమించినవాణ్ణి, నిజంగా ఆడినవాడి పేరు తీసేసి వాడి ఆటను అమ్ముకోవడాన్ని ఎలా సమర్థిస్తాను?

2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరుతో సంపాదించుకోవచ్చు. ఆ ఏడాది నుంచే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఏడాది ఆగకుండా మారి ఆడే వీలూ వచ్చింది. ఇప్పుడు ఆర్లింగ్టన్ లాంటి చోట ఒక నక్షత్రం కుర్రాడు మూడో ఏట బాగా ఆడితే నాలుగో ఏట ఇంకా పెద్ద కాలేజీలో ఉంటాడు. కుర్రాడికి అది మంచిదే. 2025లో ఒక కోర్టు కేసు రాజీగా వచ్చిన ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలకు పదమూడు స్కాలర్‌షిప్పుల లెక్క కూడా పోయింది, జట్టుకు పదిహేనుమంది అని పరిమితి వచ్చింది. అదే ఏడాది ఈఏ మళ్ళీ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆట తెస్తున్నామని చెప్పింది. అది వచ్చాక నా గళ్ళ నోట్‌బుక్ అందులో పనికిరాదు. రిక్రూటింగ్ కంటే, వచ్చినవాణ్ణి ఉంచుకోవడమే పెద్ద పని అవుతుంది.

అందుకే ఈ చలికాలం పాత డిస్క్ మళ్ళీ పెట్టాను. మా జట్టు టెక్సాస్ హాల్ వదిలి 2012లోనే కొత్త కాలేజ్ పార్క్ సెంటర్‌కు మారిపోయింది. ఆటలో మాత్రం ఇంకా 2008 నాటి జట్టే. నవంబర్‌లో ముగ్గురు సంతకం చేశారు, ముగ్గురూ టెక్సాస్ వాళ్ళే. పన్నెండు నిండాయి. ఏప్రిల్‌లో జాబితా తెరిస్తే, వేసవిలో నేను చూసి పెట్టుకున్న ఒక ఆరడుగుల ఏడంగుళాల కుర్రాడు మిగిలి ఉన్నాడు. ఎల్ పాసో ఊరు, ఒక నక్షత్రం, పరుగు నెమ్మది. బంతి ఎగిరినప్పుడు మాత్రం అది ఎక్కడ పడుతుందో ముందే తెలిసినవాడిలా అక్కడ ఉంటాడు.

తెరను ఫొటో తీసి అన్నకు పంపాను. హైదరాబాద్‌లో అప్పుడు తెల్లవారుజాము. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"నెమ్మది కదరా బాగా."

"రెడ్‌షర్ట్ వేద్దామన్నా. మన దగ్గర ఐదేళ్ళుంటాడు."

"ఎవరైనా అడిగారా వాణ్ణి?"

"ఒక్కరూ అడగలేదు."

"అయితే ఇచ్చెయ్."

ఫోన్ పెట్టకుండానే నొక్కాను. సంతకం వచ్చిందో లేదో తెలియాలంటే వారం జరగాలి. ఆయన లైన్‌లోనే ఉన్నారు.